దొరసాని మాట, నా నోరు

ముప్పై రెండేళ్ళు బడిలో పనిచేశాను. అన్నేళ్ళలో పిల్లలకు చెప్పిన పాఠాల్లో గట్టిగా పది కూడా గుర్తు లేవు. ఒక మధ్యాహ్నం పదిమంది పెద్దమనుషుల ముందు నిలబడి ఇంగ్లీషులోంచి తెలుగులోకి మార్చి చెప్పిన మూడు చిన్న వాక్యాలు మాత్రం ఇప్పటికీ పొల్లు పోకుండా గుర్తున్నాయి. మొన్న ట్రైనింగు స్కూలు అమ్మాయిలు నలుగురు మా ఇంటికి వచ్చి, మీ సర్వీసులో మరిచిపోలేనిది ఏదైనా చెప్పమంటే, ఎప్పుడో వచ్చిన ఒక బహుమతి సంగతి చెప్పి పంపించేశాను. వాళ్ళు వాకిలి దాటాక సిగ్గేసింది. చెప్పవలసింది అది కాదు. అందుకే ఇది రాస్తున్నాను. ఉద్యోగంలో కొత్తగా చేరినవాళ్ళు చదివితే చాలు. ఇందులో గొప్పతనం ఏమైనా ఉంటే అది నాది కాదు, నాతో పనిచేసిన ఒక మనిషిది.

మాది వేంపల్లె దగ్గర ఒక పల్లె. తాతల నాటి నుంచి క్రైస్తవులం. నాలుగెకరాల మెట్ట, అందులో జొన్న, వేరుశనగ. వానొస్తే పంట, రాకుంటే కూలి. మిషను వాళ్ళు నన్ను చదివించి, టీచరు ట్రైనింగు ఇప్పించి, కడప జిల్లాలోనే ఒక నేతగాళ్ళ ఊళ్ళో ఆడపిల్లల బడిలో వేశారు. రెండో యుద్ధం ఇంకా రాలేదు. ఆ ఊళ్ళో ఏ సందులోకి పోయినా మగ్గం చప్పుడే. బడిలో సగం మంది చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చి బోర్డింగులో ఉండే మా పిల్లలు. మిగతా సగం నేతగాళ్ళ ఇళ్ళ నుంచి పొద్దున వచ్చి సాయంత్రం పోయే పిల్లలు. ఆ నేత ఇళ్ళవాళ్ళు ఆడపిల్లల్ని చదువుకు పంపడమే అప్పట్లో విడ్డూరం. వాళ్ళు మానుకుంటే మా పై తరగతులు మూసుకోవలసిందే.

నేను చేరిన రెండో ఏడు, ఇంగ్లీషు చెప్పడానికి సముద్రం అవతలి నుంచి ఒక చిన్న దొరసాని వస్తోందని కబురొచ్చింది. బడికి పెద్ద దొరసాని అప్పటికే ఉంది, బడి మొత్తం ఆమె చేతికింద. కొత్తామెకు తెలుగు నేర్పడం, నేర్చుకునేదాకా ఆమె మాటలు జనానికి, జనం మాటలు ఆమెకు చెప్పడం నా పని అన్నారు. నా ఇంగ్లీషు ఎట్లాంటిదంటే, పుస్తకంలో ఉన్న వాక్యం ఎంత పొడవున్నా గడగడ చెప్పగలను. మంచినీళ్ళు కావాలా అని అడగమంటే నోరు పెగలదు.

ఆమె వచ్చిన రోజు నేనే గది చూపించాను. పెట్టె దించగానే నేల మీద మోకాళ్ళూని కూర్చుంది. ప్రార్థన అనుకుని నేనూ కళ్ళు మూసుకున్నాను. ఎంతసేపటికీ ఆమెన్ వినపడకపోతే తెరిచి చూశాను. నల్లబండ మీద అరచెయ్యి రాస్తూ, అతుకు దగ్గర గోటితో గీకుతూ ఉంది.

"ఇది ఏ ఊరి రాయి?" అని అడిగింది.

మా జిల్లా రాయేనని, బేతంచెర్ల వైపు కూడా ఇట్లాంటివి తవ్వుతారని చెప్పాను.

"మా నాన్న చేసేది ఇదే పని," అంది. "కొండలోంచి రాయి తీసి, ఉలి పెట్టి పలకలుగా చీలుస్తాడు. మా ఊళ్ళో అందరూ గనివాళ్ళే."

దొరసాని తండ్రి రాళ్ళు కొడతాడని వినడం నాకు అదే మొదలు. ఆ సాయంత్రమే ఇంకో సంగతి చెప్పింది. ఆమె ఇంగ్లీషుది కాదు. వేల్సు అని, ఆ దీవిలోనే ఒక పక్క దేశం. అక్కడ ఇంట్లో మాట వేరు. బడికి పోయేదాకా ఆమెకు ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. తెల్లవాళ్ళంతా ఇంగ్లీషుతోనే పుడతారనుకున్న నాకు, ఈమె కూడా నాలాగే పలక పట్టుకుని ఏడుస్తూ నేర్చుకుందని తెలిసి లోపల ఎక్కడో ధైర్యం వచ్చింది.

ఆమె దినచర్య చూసి మేమంతా నవ్వుకునేవాళ్ళం, తర్వాత నవ్వు మానేశాం. పెద్ద దొరసానికి వేరే వంట. చిన్న దొరసాని బోర్డింగు పిల్లల పంక్తిలో కూర్చుని సంగటి అడిగింది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని నమిలి నమిలి దవడలు నొప్పి పుట్టి, మర్యాదకు ఉమ్మలేక కళ్ళనీళ్ళు పెట్టుకుంది. మా వంటామె ఎర్రగుంట్ల వైపు మనిషి, ఎవరినైనా ఏకవచనమే. దగ్గరికొచ్చి గడ్డం పట్టుకుని చెప్పింది.

"నమలాకు తల్లీ. పండ్లకు పని లేదు దీనికి. ఊరిబిండి అద్దుకొని మింగల్ల."

ఆ వేరుశనగ పచ్చడి అద్దుకుని మింగింది. మర్నాడు రెండు ముద్దలు తింది. ఆ నెలాఖరుకు వంటింట్లో పీట వేసుకుని, వంటామెతో కబుర్లు చెప్పే స్థితికి వచ్చింది. దాంతో నా తెలుగు పాఠాలు గంగలో కలిశాయి. పొద్దున గంటసేపు నేను 'మీరు ఎక్కడికి వెళ్ళుచున్నారు' అని వల్లె వేయిస్తే, మధ్యాహ్నానికి అది వంటింట్లో 'యాడికి పోతాండావు' అయి వచ్చేది. ఒక ఆదివారం మా చర్చి సంఘపెద్ద తెల్ల తలపాగా, పొడుగు కోటు వేసుకుని గుడి మెట్లెక్కుతుంటే, ఈమె ఎదురుపోయి చేతులు జోడించి, "ఏమప్పా, బాగుండావా? జొరం తగ్గెనా?" అంది. నాకు భూమిలోకి పోయినట్టయింది. ఆయన ఒక్క క్షణం బిగుసుకుపోయి, "తగ్గినాదమ్మా" అన్నాడు. తర్వాత నాలుగు వారాలు ఊళ్ళో కనపడిన వాళ్ళందరికీ తన జ్వరం సంగతి దొరసాని అడిగిందని చెప్పుకున్నాడు.

ఇక ఆమె ఇంగ్లీషు పాఠం. అంతకు ముందు మేం చెప్పేది ఎట్లా ఉండేదంటే, నేను ఒక వాక్యం అంటాను, నలభై గొంతులు తిరిగి అంటాయి, తప్పితే బెత్తం. ఈమె వచ్చి మొదటి రోజే బెత్తం తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి ఇది దేనికని అడిగింది. చెప్పాను. ఆమె బెత్తం తిరిగి బల్ల మీద పెట్టేసింది. సాయంత్రం వరండాలో కూర్చున్నప్పుడు, వాళ్ళ అమ్మమ్మ చిన్నప్పుడు బడిలో ఇంటిభాష మాట్లాడిందని మెడలో ఒక చెక్కముక్క తగిలించి నిలబెట్టేవాళ్ళని చెప్పింది. "ఆమె చచ్చిపోయేదాకా ఇంగ్లీషు మాట్లాడలేదు. వచ్చి కూడా మాట్లాడలేదు" అంది. మర్నాడు నా బెత్తం నేనే వంటింట్లో పొయ్యికి ఇచ్చేశాను.

ఆమె దగ్గర ఒక గ్రామఫోను పెట్టె ఉండేది. వాళ్ళ ఊరి గనివాళ్ళు గుంపుగా పాడిన పాటలు రెండు మూడు ప్లేట్లు తెచ్చుకుంది. అవి వింటున్నప్పుడు ఎవరితోనూ మాట్లాడేది కాదు. ఒకసారి కడపకు పోయినప్పుడు అంగడిలో మన నాటకాల పద్యాల ప్లేట్లు చూసి కొనుక్కొచ్చింది. పద్యం చివర ఆ రాగం తీయడం ఉందే, అది ఆమెకు ప్రాణం. ప్లేటు పెట్టి, పిల్లలందరినీ చుట్టూ కూర్చోబెట్టి, రాగం అయిపోగానే ఇంగ్లీషులో అడిగేది: ఎవరికి కోపం వచ్చింది? ఎవరి మీద? ఎందుకు? పిల్లలు రెండు మాటల్లో, మూడు మాటల్లో ఇంగ్లీషులో చెప్పాలి. తప్పయినా సరే, నోరు తెరవాలి. గోడ అవతల మగ్గాలు ఆగిపోయేవి. నేతగాళ్ళు గోడకు ఆనుకుని పద్యం వినేవాళ్ళు, తర్వాత వాళ్ళ పిల్లలు ఇంగ్లీషులో ఏదో అంటుంటే ఆ అర్థం కానిది కూడా వినేవాళ్ళు.

ఆ నేతగాళ్ళకు పెద్ద ఒక ముసలాయన. ఆయన మనమరాలు మా బడిలో అందరికంటే చురుకైనది, అందరికంటే తక్కువ మాట్లాడేది. చిన్న దొరసాని సాయంత్రాలు వాళ్ళింటికి పోయి మగ్గం గుంట పక్కన కూర్చునేది. ఒకసారి ఆయన పని ఆపకుండానే నాతో అన్నాడు.

"ఆమెను ఒక మాట అడుగుమ్మా. వాళ్ళ దేశంలో గుడ్డ మరల మీద నేస్తారంట. ఆ గుడ్డ ఈడికొచ్చే, మా మగ్గాలు సగం పడుకొనె. ఇప్పుడు ఈయమ్మ వచ్చి మా పిల్లకు చదువు చెప్తాంది. మేము కోపగించుకోవల్లనా, దండం పెట్టల్లనా?"

ఈ మాట మెత్తగా మార్చి చెబుదామని చూశాను. దొరసాని నా మొహం చూసి, ఉన్నది ఉన్నట్టు చెప్పమంది. చెప్పాను. ఆమె మగ్గం మీది పడుగు దారం ఒకటి వేలితో మీటి చూసింది.

"మా నాన్న చీల్చే రాయికి కూడా ఇప్పుడు గిరాకీ లేదని చెప్పు. కోపం వస్తే నాకేమీ అభ్యంతరం లేదు. పిల్లను మాత్రం పంపమను."

ముసలాయన నవ్వి, పేక దారం ఉన్న నాడె ఇటు విసిరాడు. "మొగోని మాట చెప్పినాది" అన్నాడు. ఆయన నోట అది పెద్ద మెప్పు.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఒక పరాయి ఊళ్ళో మనిషి ఇన్ని విధాల సంపాదించుకున్న నమ్మకం ఎంతటిదో మీకు తెలియాలి. దాన్ని నేను ఒక్క మాటతో పణం పెట్టాను.

ఆ ఏడు ఎండలు ముందుగానే ముదిరాయి. పెద్ద దొరసాని ఆరోగ్యం బాగాలేక మార్చి నెలలోనే చల్లదనానికి కొండమీదికి పోయింది. బడి చిన్న దొరసాని చూసుకుంటోంది. సరిగ్గా అప్పుడే ఊరి బయట, కోతలైపోయిన చేలో, టెంటు సినిమా దిగింది. ఎద్దుల బండికి రెండు వైపులా బొమ్మలు కట్టి, డప్పు కొట్టుకుంటూ రంగు కాగితాలు విసురుతూ వీధులన్నీ తిరిగారు. మాట్లాడే బొమ్మలు ఆ ఊరికి రావడం అదే మొదలు. మా పిల్లలు ఆ కాగితాలు పుస్తకాల మధ్య, జాకెట్లలో, దిండు కింద దాచుకున్నారు. చిన్న దొరసాని ఒకటి పట్టుకుంది, దండించలేదు. "వీళ్ళకు ఇంత మనసున్న చోట ఎంత ఇంగ్లీషు దొరుకుతుందో చూశావా?" అంది నాతో.

అప్పుడు నేను అన్నాను, తీసుకుపోదామని. పిల్లల కోసం అన్నట్టే అన్నాను. నిజం చెప్పాలంటే నాకే చూడాలని ఉంది. ట్రైనింగులో ఉన్నప్పుడు కడపలో ఒకసారి దొంగచాటుగా సగం బొమ్మ చూసి, ఎవరో తెలిసినాయన కనపడితే భయపడి లేచి వచ్చేశాను. ఆ మిగతా సగం నా బుర్రలో అట్లాగే ఉండిపోయింది.

చిన్న దొరసాని తొందరపడలేదు. "ఇక్కడి పెద్దలు ఏమంటారో నాకు తెలియదు. నువ్వు పోయి సంఘపెద్దను, నేతగాళ్ళ పెద్దను అడుగు. వాళ్ళు సరేనంటేనే" అంది.

సాయంత్రం పోయాను. సంఘపెద్ద ఇంటికి తాళం, వేరుశనగ అమ్మడానికి బండి కట్టుకుని పోయాడట. నేతగాళ్ళ పెద్ద ఇంటి సందు మొదట నిలబడ్డాను. ఆయన ఒద్దంటే అంతటితో సరి. ఒద్దంటాడని నాకు తెలుసు. కాసేపు నిలబడి వెనక్కి తిరిగాను. రేపు అడుగుదాంలే అనుకుంటూనే నడిచాను. వరండాలో ఆమె దీపం తుడుస్తూ, ఏమన్నారని అడిగింది.

"సరేనన్నారు" అన్నాను.

అంతే. ఆలోచించి ఆడిన అబద్ధం కాదు. కానీ మర్నాడు దిద్దుకోవడానికి రోజంతా ఉంది, దిద్దుకోలేదు. ఆమె నా మాట కాక ఇంకెవరి మాట వింటుంది? ఊరికీ ఆమెకూ మధ్య ఉన్న వాకిలి నేనొక్కదాన్నే.

నేతగాళ్ళ పిల్లల్ని కూడా బడిలోనే ఆపి, పొద్దు గూకగానే మొదటి ఆటకు ముప్పై మందిని వరుసగా నడిపించుకు పోయాం. టెంటులో ఒక పక్క ఆడవాళ్ళు, ఒక పక్క మగవాళ్ళు, నడుమ ఒక దుప్పటి అడ్డం. దొరసానికి కుర్చీ తెస్తే ఒద్దని పిల్లల మధ్య నేల మీద కూర్చుంది. బొమ్మ మొదలయ్యేదాకా జనానికి ఆమే బొమ్మ. కథ ఒక రాజుది, రాణిది. తప్పు చేయని రాణిని నింద పడిందని రాజు అడవికి పంపేస్తాడు. నేను గుసగుసగా తర్జుమా చేస్తుంటే, సగంలో నా చెయ్యి పట్టుకుని ఆపి, "చాలు, తెలుస్తాండాది" అంది. ఆమె చెంపలు తడిగా ఉన్నాయి. రీలు మార్చడానికి దీపం వేశారు. అప్పుడు నేతగాళ్ళ పెద్ద మనమరాలు, ఎప్పుడూ అడిగితే తప్ప మాట్లాడని పిల్ల, దొరసాని వైపు వంగి ఇంగ్లీషులో అడిగింది: "రాణి ఎందుకు అడగదు? నా తప్పు ఏమిటని రాజును ఎందుకు అడగదు?"

ఆ వాక్యం ఏ పుస్తకంలోనూ లేదు. ఎవరూ వల్లె వేయించలేదు. దొరసాని నా వైపు చూసింది. ఉద్యోగంలో ఇట్లాంటి చూపు ఒక్కసారి దొరికితే చాలు అనిపించింది. ఆ క్షణాన నా అబద్ధం నేను పూర్తిగా మరిచిపోయాను.

రెండో రోజుకల్లా ఊరు గుర్తు చేసింది. నేతగాళ్ళు ఒక్క పిల్లనూ బడికి పంపలేదు. గోడ అవతల మగ్గాలు ఆడుతున్నాయి, గోడ ఇవతల సగం బల్లలు ఖాళీ. మధ్యాహ్నం సంఘపెద్ద, ఆయన వెంట ముగ్గురు, నేతగాళ్ళ పెద్ద, ఆయన వెంట ఐదుగురు బడికి వచ్చి పెద్ద గదిలో కూర్చున్నారు. దొరసాని కూడా బెంచీ మీదే కూర్చుంది. వంటింటి మాటలు వచ్చినా, ఇట్లాంటి సభలో తప్పు రాకూడదని ఆమె ఇంగ్లీషులో మాట్లాడేది, నేను మార్చి చెప్పేదాన్ని. ఆమె 'నేను' అంటే నేనూ 'నేను' అనే చెప్పేదాన్ని. మొదటి నుంచీ అదే అలవాటు.

సంఘపెద్ద గొంతు సవరించుకున్నాడు.

"దొరసానమ్మను అడుగు. ఎవుర్ని అడిగి పిల్లోల్లను ఆ టెంటుకు పిల్చకపోయినాదో."

నేను ఇంగ్లీషులో చెప్పాను. ఆమెకు నా ఇంగ్లీషు అక్కర లేకుండానే ప్రశ్న అర్థమై ఉంటుంది. నా వైపు తిరిగింది. కోపంగా చూడలేదు. లెక్కలో ఎక్కడ తప్పిందో కనిపెట్టినవాళ్ళు చూసినట్టు చూసింది. నేను తల దించుకున్నాను. ఆమె వాళ్ళ వైపు తిరిగి, నెమ్మదిగా, ఇంగ్లీషులో మూడు వాక్యాలు చెప్పింది.

నేను తెలుగులో చెప్పాను: "ఎవుర్నీ అడగలేదు. నేనే పిల్చకపోతి. తప్పు నాది."

ఆ మూడు వాక్యాల్లో ఒక్క అక్షరం అబద్ధం లేదని ఆ పదిమందిలో ఎవరికీ తెలియదు. మాట్లాడిన నోరు ఎవరిదో వాళ్ళు చూడలేదు.

సంఘపెద్ద నిట్టూర్చాడు. "పరాయి దేశం మనిషి. తెలీక చేసినాది. పెద్ద దొరసానికి జాబు రాస్తాం, ఈమెను ఇంకో ఊరికి మార్చమని."

నేతగాళ్ళ పెద్ద లేచాడు. "ఈమె మింద మాకు పగ లేదు. మా పిల్లోల్లు మాత్రం ఇంక రారు."

వాళ్ళంతా లేచారు. నేను ఊరుకుంటే అయిపోయేది. నా ఉద్యోగానికి ఢోకా లేదు. వాకిట్లో ఆ ముసలాయన ఒంగి చెప్పులు తొడుక్కోవడం కనపడుతోంది. ఎడమ కాలి చెప్పు పట్టడం లేదు ఆయనకు. ఆ చెప్పు పట్టి ఉంటే నేను నోరు విప్పేదాన్నో లేదో, నాకు ఇప్పటికీ తెలియదు.

"నిలవండప్పా," అన్నాను. "ఇందాక చెప్పింది ఆమె మాట కాదు. నా మాట."

ఎవరికీ అర్థం కాలేదు.

"మిమ్మల్ని అడిగి రమ్మని ఆమె నన్ను పంపినాది. నేను అడగలేదు. అడిగినాను, సరేననిరి అని ఆమెకు అబద్ధం చెప్తి. ఆమెకు తెలీదు. ఇప్పుడే తెలిసె."

చిన్న దొరసాని లేచి నిలబడింది. ఇంగ్లీషు మాట్లాడలేదు. వంటామె పిల్లల్ని గదమాయించే గొంతుతో, "నువ్వు ఊరుకో మేయ్" అంది నాతో. వాళ్ళతో, "ఈమె మాట పట్టుకోవద్దండప్పా. బడి నాది. తప్పు నాదే" అంది.

నేతగాళ్ళ పెద్ద చెప్పులు వదిలేసి మళ్ళీ లోపలికి వచ్చాడు. మమ్మల్నిద్దర్నీ మార్చి మార్చి చూశాడు.

"తప్పు నాది కాదు అని కొట్లాడేటోల్లను శానామందిని చూస్తి. నాదంటే నాదని కొట్లాడుకునేటోల్లను ఈడనే చూస్తాండా." బెంచీ మీద కూర్చున్నాడు. "మా పిల్ల ఆ పొద్దు ఇంటికొచ్చి నిద్ర పోలేదు. రాణి ఏంటికి అడగలేదు తాతా అని నన్ను అడిగె. దొరసానిని అడగకపోయినావా అంటి. అడిగినా, ఇంగ్లీషులో అడిగినా అనె. నాకు కోపం రావల్లనో సంతోషం రావల్లనో తెలీలేదు. రెండు పగళ్ళు మగ్గం మీద కూచోని అదే ఆలోచన."

సంఘపెద్ద వైపు చూడకుండానే చెప్పాడు. "అడగకుండా ఆడపిల్లోల్లను పిల్చకపోయేది తప్పే. ఆ తప్పు చేసినోల్లకు మీరు ఏం చేస్తారో మీ ఇష్టం. మా పిల్ల రేపు వస్తాది. తక్కినోల్లను నేను ఒప్పుకోమని చెప్పలేను. మీరే ఇంటింటికీ పోయి అడగండి."

ఇంటింటికీ పోయాం. చిన్న దొరసాని ముందు, నేను వెనక. మూడు రోజులు ఆమె నాతో ఊరి మాటలు తప్ప సొంత మాట ఒక్కటి మాట్లాడలేదు. ఎక్కువమంది పిల్లలు తిరిగి వచ్చారు. ముగ్గురు రాలేదు. వాళ్ళ చదువు నా అబద్ధం దగ్గర ఆగిపోయింది. ఆ ముగ్గురి మొహాలు కూడా నాకు గుర్తే.

నాలుగో రోజు సాయంత్రం వరండాలో నేనే అడిగాను, ఎందుకు కాపాడాలనుకున్నారని.

"నన్ను పంపేస్తే నాకు ఇంకో బడి ఉంటుంది, లేకుంటే ఇల్లుంది. నిన్ను పంపేస్తే నువ్వు మళ్ళీ టీచరువి కావు," అంది. తర్వాత, "కోపం పోయిందనుకోవద్దు. నేను సరిచూసుకోలేని ఒకే ఒక్క చోట నువ్వు నాతో అబద్ధమాడావు" అంది.

 

పెద్ద దొరసాని కొండ దిగి వచ్చింది. నన్ను ఉద్యోగంలోంచి తీసేయమని కొందరన్నారు. చిన్న దొరసాని ఒద్దని వాదించిందని వంటామె చెప్పింది. చివరకు నన్ను ఇప్పటి కర్నూలు జిల్లా పడమటి అంచున, కోసిగి దగ్గర ఒక పల్లెబడికి మార్చారు. ఒక్క గది, ఒక్క టీచరు. నేను పోయిన ఏడు అక్కడ వాన చుక్క పడలేదు. పంటలు పోగానే జనం మూటలు కట్టుకుని పనులకు దేశాలు పట్టిపోతారు, పిల్లల్ని వెంట తీసుకుపోతారు. వారం వారం నా బడి ఖాళీ అవుతోంది. ఆ సంగతి చిన్న దొరసానికి జాబు రాశాను, సాయం అడగలేదు. జాబులోనైనా అన్నీ నిజాలే రాయాలని ఒక పట్టుదల ఉండేది అప్పట్లో.

పది రోజులకు ఆమె రైలు దిగి, ఎండలో నడుచుకుంటూ వచ్చింది.

మర్నాడు పొద్దున ఊరి ఆడవాళ్ళు బడి ముందు చేరారు. చాలామంది మూటలు కట్టుకుని బయలుదేరబోతున్నవాళ్ళే. కన్నడం కలిసిన ఆ మాట దొరసానికి కొత్త. వంటామె నేర్పిన తెలుగు అక్కడ సగమే పనిచేసింది. ఆమె ఇంగ్లీషులో నాతో రెండు మాటలు అని, ఆగిపోయింది.

"నాకు వీళ్ళ సంగతి తెలియదు. నీకు తెలుసు. ఏం చెప్పాలో నువ్వే చెప్పు. నా మాటగానే చెప్పు" అంది.

నేను ఆమె మొహం చూశాను. ఆమె జనాన్ని చూస్తోంది. నేను మాట్లాడటం మొదలుపెట్టాను. చాలాసేపు మాట్లాడాను. అయ్యాక ముందు వరుసలో, చంకలో ఒక పిల్ల, చేత్తో పట్టుకున్న ఇంకో పిల్లతో నిలబడిన ఒక తల్లి, డబ్బు అడుగుతారేమోనన్న భయంతో, నన్ను దాటి దొరసానిని అడిగింది.

"దుడ్లు లేవమ్మా మా తాన. ఈ పంతులమ్మ చెప్పింది నీ మాటేనా?"

దొరసాని నా వైపు తిరగలేదు. "నా మాటే" అంది.

ఆ తల్లి చేత్తో పట్టుకున్న పిల్లను వదిలింది. ఆ పిల్ల వచ్చి బడి గడప మీద కూర్చుంది. తర్వాత ఇంకొకామె, ఇంకొకామె. పొద్దెక్కేసరికి పదకొండు మంది ఆడపిల్లలు గదిలో ఉన్నారు, వాళ్ళ తల్లులు రైలు దారి పట్టారు.

మేమిద్దరం నీళ్ళ కోసం బావి వైపు నడుస్తున్నాం. అప్పుడు అడిగింది ఆమె, "ఇంతకీ నేను వాళ్ళకు ఏం మాట ఇచ్చాను?"

చెప్పాను. వాళ్ళు తిరిగి వచ్చేదాకా, వానలు పడేదాకా, పిల్లలకు రెండు పూటలా అన్నం, చదువు మనదే, ఏ పిల్లకూ తక్కువ చేయం అని.

ఆమె నడక ఆపలేదు. ఖాళీ బిందె ఒక చేతిలోంచి ఇంకో చేతికి మార్చుకుంది.

"శానా పెద్ద మాటే ఇస్తిని" అంది.